లిచీతో చెరువు చుట్టూ డ్రోన్: ముందు ఎత్తు లెక్క, తర్వాతే ఎగరేయడం

మా ఊరి చెరువును ఎండిపోయినప్పుడూ, మత్తడి దుంకేటప్పుడూ ఒకే దారిలో, ఒకే ఎత్తు నుంచి వీడియో తీయాలని నా కోరిక. చేత్తో ఎంత జాగ్రత్తగా ఎగరేసినా ఒకసారి పోయిన దారి మరోసారి రాదు. అందుకే నా పాత డీజేఐ మావిక్ ప్రోకి లిచీ యాప్ కొన్నాను. మనం గీసిన దారినే డ్రోన్ మళ్లీ మళ్లీ పట్టుకుని పోతుంది.

దారిని ఇంట్లోనే గీయండి. లిచీ వెబ్‌సైట్‌లో మిషన్ హబ్ ఉంటుంది. అందులో శాటిలైట్ మ్యాప్ మీద క్లిక్ చేసిన ప్రతిచోటా ఒక వేపాయింట్, అంటే డ్రోన్ వరసగా పోవాల్సిన ఒక గుర్తు, పడుతుంది. సేవ్ చేసి, ఫోన్‌లో అదే అకౌంట్‌తో లాగిన్ అయితే మిషన్ (మీరు గీసిన దారి) అక్కడా కనిపిస్తుంది. చెరువు దగ్గర నెట్ అందకపోవచ్చు కాబట్టి, వైఫై ఉండగానే ఫోన్‌లో ఆ మ్యాప్‌ను తెరిచి చూసుకోండి. మొదటిసారికి నాలుగు పాయింట్లు, నెమ్మది వేగం చాలు.

అసలు ఆలోచించాల్సింది ఎత్తు గురించి. యాప్‌లో 30 మీటర్లు అని పెడితే, అది డ్రోన్ లేచిన చోటు నుంచి లెక్క. దాని కింద ఆ క్షణాన ఉన్న నేల నుంచి కాదు. కట్ట కింది పొలంలో నుంచి లేపారనుకోండి. కట్ట 8 మీటర్లుంటే, దాని మీదికి వచ్చేసరికి డ్రోన్ 22 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అక్కడ 15 మీటర్ల తాటిచెట్టు ఉంటే మిగిలే సందు 7 మీటర్లే. హబ్‌లో నేల ఎత్తును బట్టి లెక్క సరిచేసే సెట్టింగ్ ఉంది కానీ, దానికి చెట్లు, కరెంటు తీగలు, సెల్ టవర్లు తెలియవు. గీసిన దారి వెంట ఒకసారి తల పైకెత్తి నడిచి చూడండి. నేనైతే ప్రతిసారీ తూము పక్కనున్న ఒకే బండ మీద నుంచి లేపుతాను. లేచే చోటు మారితే దారి మొత్తం ఎత్తు మారిపోతుంది.

ఇక కెమెరా. మత్తడి మీద ఒక పీఓఐ (కెమెరా చూడాల్సిన చోటు) పెట్టి, వేపాయింట్లలో గింబల్‌ను, అంటే కెమెరాను తిప్పే భాగాన్ని, ఫోకస్ పీఓఐకి మారిస్తే, డ్రోన్ ఎటు పోతున్నా చూపు మత్తడి మీదే ఉంటుంది. చూడ్డానికి చాలా బాగుంటుంది. అయితే మావిక్ ప్రోకి అడ్డంకులను పట్టే సెన్సర్లు ముందువైపే ఉన్నాయి. చూపు మత్తడి మీద పెట్టి పక్కకు జరుగుతున్న డ్రోన్‌కి పక్కనున్న చెట్టు కనిపించదు. ఇలాంటి దారిలో ఎత్తు కాస్త ఎక్కువే ఉంచండి.

మలుపులు మెత్తగా రావాలంటే కర్వ్‌డ్ టర్న్స్ ఎంచుకోవాలి. ఆ మోడ్‌లో వేపాయింట్ దగ్గర ఫొటో తీయమనో, రికార్డింగ్ మొదలుపెట్టమనో ఇచ్చిన ఆదేశాలు పనిచేయవు. రికార్డు బటన్ మీరే నొక్కాలి.

లేపే ముందు డీజేఐ యాప్‌ను పూర్తిగా మూసేయండి, రెండూ తెరిచి ఉంటే కనెక్షన్ తగాదా పడుతుంది. రిటర్న్ టు హోమ్ (డ్రోన్ తనంతట తాను లేచిన చోటికి తిరిగి రావడం) ఎత్తు చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తైనదాన్ని దాటేలా ఉండాలి. మిషన్ నిడివి బ్యాటరీలో సగం లోపే ఉంచండి, ఎదురుగాలికి మిగతాది కావాలి. మధ్యలో టెన్షన్ అనిపిస్తే కంట్రోలర్ మీది స్విచ్‌ను స్పోర్ట్ మోడ్‌కి తోస్తే మిషన్ ఆగి డ్రోన్ మీ చేతికి వస్తుంది. ఇది మొదటిరోజే ఖాళీ స్థలంలో కావాలని చేసి చూడండి, వేలికి అలవాటు కావాలి.

మీది డీజేఐ మినీ 2 డ్రోన్ అయితే ఒక తేడా ఉంది. మావిక్ ప్రోలో మిషన్ డ్రోన్‌లోకే ఎక్కుతుంది, సిగ్నల్ పోయినా కొనసాగుతుంది. మినీ 2ని మాత్రం ఫోనే నడిపిస్తుంది. కాబట్టి ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, సిగ్నల్ తెగేంత దూరం గీయకండి.

2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని చోట) 400 అడుగులు, అంటే 120 మీటర్లు దాటకూడదు. విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యైతే 200 అడుగులే. ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో మీ చెరువు ఏ జోన్‌లో ఉందో చూసుకోండి. డ్రోన్ తనంతట తాను పోతున్నా కంటికి కనిపించే దూరంలోనే ఉండాలి.

జూన్ వీడియో మీద అక్టోబరు వీడియో పరిస్తే అంచులు సరిగ్గా కలవవు. జీపీఎస్ ఒకటి రెండు మీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఎడిటింగ్‌లో రెండింటిలోనూ తూమును గుర్తుగా పెట్టుకుని, కాస్త జూమ్ చేసి జరపండి. అందుకే మొదటి పాయింటును తూము ఫ్రేములో పడేలా గీస్తాను.