రూబిక్స్ క్యూబు విప్పి బిగించేటప్పుడు
క్యూబు బిగుసుకుపోతే పై పొరను 45 డిగ్రీలు తిప్పి, అంచు ముక్కను మెల్లగా పైకి లేపండి, ఊడి వస్తుంది. ఆ తర్వాత మిగతావన్నీ సులువుగా వచ్చేస్తాయి. దుమ్ము తుడిచాక సిలికాన్ నూనె ఒక చుక్క చాలు. కొబ్బరి నూనె మాత్రం వద్దు, చలికి గడ్డకడుతుంది.

అసలు జాగ్రత్త బిగించేటప్పుడే. ఆరు ముఖాలూ రంగులు కలిసేలా పేర్చి బిగించండి. తోచినట్టు పెట్టేస్తే సగటున 12 సార్లలో 11 సార్లు ఎంత తిప్పినా కుదరని క్యూబు తయారవుతుంది! పాపం, పిల్లలు అది తెలియక గంటల తరబడి తంటాలు పడతారు. అంతా కుదిరి ఒక్క మూల ముక్క మాత్రమే మెలిపడి ఉంటే సూత్రాలు వెతకకండి. దాన్ని వేళ్లతో పట్టుకుని అక్కడికక్కడే తిప్పేయండి.