ఇంట్లో వాళ్లని చూసుకుంటూనే సొంతంగా కోడింగ్ నేర్చుకోవడం ఎలా?

మంచం పట్టిన పెద్దవాళ్లనో, చిన్న పిల్లల్నో, ఎప్పుడూ పక్కన ఒకరుండాల్సిన మనిషినో చూసుకుంటూ కోడింగ్ నేర్చుకుందామనుకునేవాళ్లకి ఎవర్నడిగినా దొరికే సలహా ఒకటే, రోజూ రెండు గంటలు పెట్టండి అని. ఆ రెండు గంటలు మన చేతిలో ఉంటే కదా. నిజానికి పోగేసుకుంటే టైమ్ దొరుకుతుంది, పొద్దున పావుగంట, మధ్యాహ్నం వాళ్లు కాస్త కునుకు తీసినప్పుడు అరగంట, కానీ అది ఎప్పుడు తెగిపోతుందో తెలీదు, అసలు ఇబ్బంది అదీ. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఒక్కటే దృష్టిలో పెట్టుకుని చెప్తున్నా: ఏ నిమిషంలో పిలుపొచ్చినా లేచెళ్లిపోగలగాలి, తిరిగొచ్చాక ఆపిన చోటే వెంటనే అందుకోగలగాలి.

స్టెప్ 1: ఒక లాంగ్వేజ్, ఒక కోర్సు, అంతే

వెబ్‌సైట్లు చెయ్యాలనుంటే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, ఆ తర్వాత జావాస్క్రిప్ట్. ఇంకా ఏదీ తేల్చుకోకపోతే పైథాన్. ఏది బెటరో వెతుక్కుంటూ వారాలు పోగొట్టుకోకండి, మొదటిది బాగా వస్తే రెండోది చాలా తొందరగా వస్తుంది.

కోర్సు మాత్రం డెడ్‌లైన్ లేనిది చూసుకోండి. ఫ్రీకోడ్‌క్యాంప్ అనే వెబ్‌సైట్ 2014 నుంచి ఉంది, పూర్తిగా ఫ్రీ, పాఠాలు చిన్న చిన్న స్టెప్పులుగా బ్రౌజర్‌లోనే ఉంటాయి కాబట్టి మధ్యలో ఆపేసినా పెద్దగా నష్టం లేదు. హార్వర్డ్ వాళ్ల సీఎస్50 పైథాన్ కోర్సు కూడా ఫ్రీగా చూడొచ్చు, చాలా బాగా చెప్తారు, కాకపోతే లెక్చర్లు పెద్దవి, ఒక్కసారి కూర్చుంటే అయ్యేవి కావు, ముక్కలుగా చూసుకోవాలి. రోజూ ఫలానా టైమ్‌కి లైవ్ క్లాస్‌లో ఉండాలనే కోర్సులకి డబ్బు కట్టడం మాత్రం మన పరిస్థితిలో మొదట్లో వద్దనే చెప్తా, రెండు క్లాసులు పోతే మూడోదానికి వెళ్లబుద్ధి కాదు.

స్టెప్ 2: పనిని చేతులు ఖాళీ ఉన్నదాన్ని బట్టి పంచుకోండి

చేతులు ఖాళీ లేనప్పుడు వినండి, అది కూడా నిన్న రాసిన టాపిక్ మీదే వినండి, కొత్తది వింటే ఏమీ ఎక్కదు. ఒక చేత్తో ఫోన్ పట్టుకోగలిగితే నిన్నటి కోడ్ చదివి, ఇది రన్ చేస్తే ఏమొస్తుందో మనసులో చెప్పుకుని, తర్వాత చూసుకోండి. ఆండ్రాయిడ్‌లో పైడ్రాయిడ్ 3 అనే యాప్ ఉంది, అందులో పైథాన్ నెట్ లేకుండా కూడా రన్ అవుతుంది, హాస్పిటల్‌లో బెడ్ పక్కన కూర్చున్నప్పుడు చాలా పనికొస్తుంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చునే టైమ్ దొరికిందంటే మాత్రం వీడియో పెట్టొద్దు, రాయండి. ఆ టైమ్ దొరకడమే అరుదు, దాన్ని చూడ్డానికి వాడేస్తే రాయడం ఎప్పటికీ రాదు.

ఇంట్లో ఇంకెవరైనా ఉంటే వారానికి ఒక్క పూట ఫిక్స్‌గా అడగండి. నీకు వీలైనప్పుడు చూస్తావా అని కాదు, ఆదివారం పొద్దున నువ్వు చూస్కో అని అడగండి. అలా అడిగితేనే దొరుకుతుంది. నిద్ర తగ్గించుకుని చదవడం మాత్రం వద్దు, మీరు పడిపోతే ఆ ఇంట్లో ఇద్దరు పేషెంట్లు అవుతారు.

స్టెప్ 3: లేచే ముందు ఒక్క లైన్

మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే. పిలుపు రాగానే, లేచే ముందు, ఉన్న చోటే ఒక కామెంట్ (కోడ్‌లో మన కోసం రాసుకునే మాట, పైథాన్‌లో # పెట్టి రాస్తే కంప్యూటర్ దాన్ని వదిలేస్తుంది) రాసేయండి. ఏం చేశానని కాదు, తర్వాత ఏం చెయ్యాలనుకుంటున్నానో. "ఇక్కడ లూప్ ఒకసారి ఎక్కువ తిరుగుతోంది, రేంజ్ చెక్ చెయ్యాలి" ఇంతే చాలు. పైథాన్ 3లో కామెంట్ తెలుగులో రాసినా ఏ గొడవా ఉండదు, కాబట్టి ఇంగ్లిష్ వాక్యం కోసం తడుముకోకండి. ఆ లైన్ లేకపోతే తిరిగొచ్చాక పది నిమిషాలు నేనేం ఆలోచిస్తున్నాను అని వెతుక్కోవడానికే పోతాయి, ఈలోగా మళ్లీ పిలుపొస్తుంది.

కోడ్ రాసుకోవడానికి వీఎస్ కోడ్ అనే ప్రోగ్రామ్ వాడుతుంటే ఫైల్ మెనూలో ఆటో సేవ్ ఆన్ చేసేయండి. బ్రౌజర్‌లోనే పైథాన్ రన్ చేసే గూగుల్ కొలాబ్ వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, చాలాసేపు ముట్టుకోకపోతే అది డిస్‌కనెక్ట్ అయిపోతుంది, రాసిన కోడ్ ఉంటుంది గానీ వేరియబుల్స్‌లో ఉన్న విలువలన్నీ పోతాయి, ఏదో పాడైందని కంగారు పడకుండా పైనుంచి అన్ని సెల్స్ (కోడ్ రాసే పెట్టెలు) మళ్లీ రన్ చేస్తే సరి.

స్టెప్ 4: ఎర్రర్ వస్తే కింది నుంచి చదవండి

పైథాన్ ఎర్రర్‌లో అసలు విషయం చివరి లైన్‌లో ఉంటుంది. నేమ్ ఎర్రర్ అంటే ఎక్కువసార్లు స్పెల్లింగ్ తప్పు, ఇండెంటేషన్ ఎర్రర్ అంటే లైన్ ముందు ఖాళీలు తేడా. ఏఐని అడగొచ్చు, కానీ కోడ్ రాసిమ్మని కాకుండా ఈ ఎర్రర్ ఎందుకొచ్చిందో చెప్పమని అడగండి, దిద్దడం మాత్రం మీరే చెయ్యండి.

స్టెప్ 5: మొదటి ప్రోగ్రామ్ మీ ఇంటి పనిమీదే

కాలిక్యులేటర్లు, గేములు అందరూ చేస్తారు, మీ దగ్గర అంతకంటే మంచి సబ్జెక్ట్ రోజూ కళ్లముందే ఉంది. మందుల లెక్క తీసుకోండి. మాత్రలు 14 ఉన్నాయి, రోజుకి 3 వెయ్యాలి, ఎన్ని రోజులొస్తాయి? పైథాన్‌లో ఒక్క గీతతో 14 / 3 అంటే 4.666... అని దశాంశం వస్తుంది, రెండు గీతలతో 14 // 3 అంటే 4 వస్తుంది, 14 % 3 అంటే మిగిలిన 2 వస్తాయి. అంటే నాలుగు రోజులు పూర్తిగా, ఐదో రోజు ఒక మాత్ర తక్కువ. ఈ తేడా పుస్తకంలో చదివితే మర్చిపోతారు, ఇలా చేస్తే మర్చిపోరు. తర్వాత మందుల పేర్లు డిక్షనరీలో (పైథాన్‌లో పేరు పక్కన దాని విలువ దాచుకునే పట్టీ) పెట్టండి, లూప్‌తో (ఒకే పని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) అన్నిటికీ లెక్క వేయించండి, మూడు రోజుల్లో అయిపోయేవి మాత్రమే చూపించమనండి, ఫైల్‌లో సేవ్ చెయ్యండి, బేసిక్స్‌లో చాలావరకు అందులోనే వచ్చేస్తాయి.

ఒక్క జాగ్రత్త. ఇది నేర్చుకోవడానికే, అసలు మందులు వెయ్యడానికి డాక్టర్ రాసిన చీటీ, ఫోన్ అలారమే నమ్ముకోండి. అలాగే కోడ్‌ని ఆన్‌లైన్‌లో దాచుకునే గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు పేషెంట్ పేరు, జబ్బు, రిపోర్టులు అందులో ఉండకూడదు, ఉత్తుత్తి పేర్లు పెట్టండి, రిపోజిటరీని (అక్కడ మీ కోడ్ ఉండే ఫోల్డర్) ప్రైవేట్ చేసుకోండి, 2019 నుంచి ఫ్రీ అకౌంట్‌లో కూడా ప్రైవేట్‌వి ఎన్నైనా పెట్టుకోవచ్చు. ఏఐకి పేస్ట్ చేసే కోడ్‌కీ ఇదే రూల్.

స్టెప్ 6: పెద్ద గ్యాప్ వచ్చాక

గ్యాప్ వస్తుంది, ఆపరేషన్ కావచ్చు, జ్వరాలు కావచ్చు, నెల రోజులు ల్యాప్‌టాప్ తెరవకపోవచ్చు. అప్పుడు కోర్సు మొదటి పాఠానికి వెళ్లిపోవాలనిపిస్తుంది, వెళ్లకండి. మీరు రాసిన పాత ప్రోగ్రాముల్లో చిన్నది ఒకటి తీసి, చూడకుండా ఖాళీ ఫైల్‌లో మళ్లీ రాయడానికి ట్రై చెయ్యండి, ఎక్కడ ఆగిపోయారో ఆ ఒక్క టాపిక్ మాత్రమే తిరగేయండి, ఆ తర్వాత ఆఖరుసారి రాసుకున్న కామెంట్ తెరిచి అక్కడినుంచి మొదలుపెట్టండి.