ప్యాకేజీ అంటే ఏమిటి? చేతికొచ్చే జీతాన్ని ఎలా లెక్కించుకోవాలి?

భీమవరంలోనో అమలాపురంలోనో ఇంజనీరింగ్ పూర్తిచేసిన అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందనగానే చుట్టాలు ముందుగా అడిగేది ప్యాకేజీ ఎంతని. ఏడాదికి 4,80,000 అని చెబితే, నెలకు నలభై వేలు వస్తాయని లెక్కకట్టి, విద్యారుణం వాయిదాల నుంచి చెల్లెలి చదువు వరకు అన్నీ ఆ అంకెమీదే నిర్ణయించేసుకుంటారు. ఆ లెక్క సరికాదు. ప్యాకేజీ అంటే ఒక ఉద్యోగికోసం సంస్థ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. ఆఫర్ లెటర్‌లో సీటీసీ అని రాసేది దీనినే. సార్వా దిగుబడి ఎన్ని బస్తాలని చెప్పుకున్నా కౌలు, కోత ఖర్చులు పోగా మిగిలినదే రైతుకు దక్కినట్టు, ఇక్కడా తీసివేతలన్నీ పోయాకే అసలు జీతం తేలుతుంది.

ఆఫర్ లెటర్‌కు జతచేసిన జీతం పట్టికలో ముందు మూలవేతనం (బేసిక్) చూడాలి, ఎందుకంటే మిగతా లెక్కలు చాలావరకు దానిమీదే ఆధారపడతాయి. మన ఉదాహరణలో అది నెలకు 20,000 అనుకుందాం. సంస్థ తన వాటాగా కట్టే పీఎఫ్ (భవిష్యనిధి) అందులో 12 శాతం, అంటే ఏడాదికి 28,800. గ్రాట్యుటీ, అంటే ఏళ్లతరబడి పనిచేసినందుకు ఉద్యోగం వదిలేటప్పుడు సంస్థ ఇచ్చే సొమ్ము కింద చూపేది మూలవేతనంలో 4.81 శాతం, అంటే 11,544. పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే ఏడాదికి 48,000 అనుకుంటే, మొత్తం 88,344 రూపాయలు నెలజీతంలో కనిపించవు. మిగిలిన 3,91,656ను పన్నెండుతో భాగిస్తే 32,638 వస్తుంది. అందులో ఉద్యోగి వాటా పీఎఫ్ 2,400, వృత్తి పన్ను 200 పోగా బ్యాంకు ఖాతాలో పడేది 30,038 రూపాయలు.

పీఎఫ్‌ను నష్టంగా భావించకూడదు. రెండు వాటాలూ ఉద్యోగి భవిష్యత్తుకోసమే జమవుతాయి, సంస్థ వాటాలో కొంత పింఛను నిధికి వెళుతుంది. కొన్ని సంస్థలు మూలవేతనం అంతకన్నా ఎక్కువున్నా 15,000 మీదే పీఎఫ్ లెక్కకట్టి నెలకు 1,800 చొప్పున కడతాయి కాబట్టి, ఏ పద్ధతి పాటిస్తారో అడిగి తెలుసుకోవాలి. గ్రాట్యుటీ మాత్రం శాశ్వత ఉద్యోగికి సాధారణంగా ఐదేళ్ల సర్వీసు నిండాకే అందుతుంది. రెండు మూడేళ్లలో వేరే సంస్థకు మారాలనుకునేవారు దానిని తమ సొమ్ముగా లెక్కవేసుకోకపోవడమే మంచిది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసినది వేరియబుల్ పే. అది నెలనెలా ఇస్తారా, ఏడాది చివర ఒకేసారి ఇస్తారా, మధ్యలో మానేస్తే అసలు ఇస్తారా అన్న ప్రశ్నలకు ఉద్యోగం ఒప్పుకోకముందే హెచ్‌ఆర్ విభాగం నుంచి ఈమెయిల్‌లో జవాబు తీసుకోవాలి. జాయినింగ్ బోనస్ కూడా ప్యాకేజీలో కలిపి చూపితే, అది మొదటి ఏడాదికే పరిమితమని, గడువులోపు మానేస్తే తిరిగి కట్టవలసి రావచ్చని గుర్తుంచుకోవాలి.

పెళ్లి సంబంధాల మాటల్లో ప్యాకేజీతోపాటు చేతికొచ్చే జీతాన్నీ చెప్పడం ఇరువైపులవారికీ మేలు. ఇంటి ఖర్చులను, అప్పు వాయిదాలను ఆ రెండో అంకెమీదే నిర్ణయించుకోవాలి; నెల మధ్యలో చేరినవారికి మొదటి జీతం పనిచేసిన రోజులకే వస్తుంది కాబట్టి, గది అడ్వాన్సుకు, తొలినెల ఖర్చులకు డబ్బు ముందే సిద్ధం చేసుకోవాలి.