సైడ్ స్టాండ్ లూజ్ అయితే నేనేం చేశానంటే

రాళ్లల్లో బురదలో తిప్పే బండి కదా, స్టాండ్ వేస్తే మరీ ఎడమకి వాలిపోతోంది, కాలితో ఊపితే స్టాండ్ తిరిగే పివట్ దగ్గర టకటకమంటోంది. ఇంజిన్ కింద గట్టి స్టూల్ పెట్టి స్ప్రింగ్ తీశా, అసలు తలనొప్పి అదే, ఎగిరొస్తే కన్ను పోతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి. స్టాండ్ తిప్పుతూ స్ప్రింగ్ బాగా సాగిన చోట చుట్ల మధ్య వాషర్లు దూర్చేస్తే మళ్లీ ముడుచుకోదు, ఈజీగా వచ్చేస్తుంది. పివట్ బోల్ట్ విప్పి చూస్తే ఒక పక్కే అరిగి మెట్టు పడింది, గ్రీజు బదులు ఎండిన మట్టి! కొత్తది వేసి, గ్రీజు పూసి, స్టాండ్ ఫ్రీగా ఆడేంతవరకే బిగించి, బోల్ట్ కదలకుండా పట్టుకుని లాక్‌నట్ టైట్ చేశా, ఊపు పోయింది. స్టాండ్ తీసినా గేర్ వేయగానే ఇంజిన్ ఆగిపోతుంటే మాత్రం ముందు స్టాండ్ స్విచ్‌లో (స్టాండ్ వేసి గేర్ వేస్తే ఇంజిన్ ఆపేసేది) మట్టి ఉందేమో చూడండి.