మన వంశవృక్షం మనమే గీద్దాం – 3వ పాఠం: సర్వే నంబరు పట్టుకుని వెనక్కి వెళ్లడం

పోయిన రెండు పాఠాల్లో పెద్దవాళ్లను అడిగి పేర్లు రాసుకున్నాం, ట్రంకుపెట్టెల్లో కాగితాలు బయటికి తీశాం. చాలామందికి లెక్క ముత్తాత దగ్గర ఆగిపోయి ఉంటుంది. జనగణన కాగితాల్లో దొరుకుతుందేమో అని తిరగకండి, ఇంటింటికీ వచ్చి నింపిన ఆ ఫారాలు ఎవరికీ చూపించరు. తెలంగాణలో మనకున్న గట్టి ఆధారం భూమి రికార్డులు.

"మేం సిటీవాళ్లం, మాకు భూములెక్కడివి" అనుకోవద్దు. ఇవాళ అపార్ట్‌మెంట్లు లేచిన కూకట్‌పల్లి, ఉప్పల్, మియాపూర్ ఒకప్పుడు పహాణీ (ఊరి భూములు ఎవరివో, ఎవరు సాగు చేస్తున్నారో ఏటా రాసే రికార్డు) ఉన్న ఊళ్లే.

మొదట అడగాల్సింది 1954-55 నాటి ఖాస్రా పహాణీ. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అతని తండ్రి, సాగులో ఉన్న మనిషి, అన్నీ అందులో ఉంటాయి. ఆ తండ్రి పేరే మనకు కావలసింది. అప్పటికి అరవై ఏళ్లున్న రైతు తండ్రి అంటే సుమారు 1870లలో పుట్టిన మనిషి. ఒక్క గడితో అంత వెనక్కి వెళ్తాం.

అయితే పేరును నమ్ముకుంటే దారి తప్పుతాం. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒకే ఊళ్లో నలుగురు మల్లయ్యలు ఉంటారు. ఒకచోట పోచయ్య అని ఉన్న మనిషే ఇంకోచోట పోశయ్య అవుతాడు. ఇంటిపేరు చాలాసార్లు ఉండనే ఉండదు. భూమి మాత్రం కదలదు.

మీ పాత పాసుబుక్కులో 124/ఆ అని ఉందనుకోండి. 124/అ, 124/ఇ ఎవరివో చూడండి. తర్వాత పహాణీలు ఒక్కో ఏడాది వెనక్కి తిప్పుతూ, మూడు ముక్కలు ఒకే 124గా కనిపించే ఏడాది దగ్గర ఆగండి. అక్కడ విరాసత్ అని రాసి ఉంటే ఆ ముగ్గురూ వారసులు, ఎక్కువగా అన్నదమ్ములు. చనిపోయిన పట్టాదారు వాళ్ల పెద్ద. అమ్మకం అని ఉంటే ఆగండి, కొన్నవాళ్లను వంశంలో కలపకూడదు.

ఇంకా వెనక్కి వెళ్తే నిజాం కాలపు సేత్వార్, అంటే భూములు సర్వే చేసి తయారు చేసిన రిజిస్టరు. అది ఉర్దూలో ఉంటుంది కాబట్టి చదివిపెట్టేవాళ్లను వెంట ఉంచుకోండి. "మల్లయ్య వల్ద్ ఎల్లయ్య" అంటే ఎల్లయ్య కొడుకు మల్లయ్య. "జౌజే" అని వస్తే ముందున్నది భార్య పేరు, తర్వాతది భర్త పేరు. ఏడాది ఫస్లీలో (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరాల లెక్కలో) ఉంటే 590 కలపండి. 1340 ఫస్లీ అంటే 1930 అక్టోబర్‌లో మొదలైన ఏడాది.

ఆడవాళ్ల పేర్లు ఈ కాగితాల్లో తక్కువ. అందుకే జౌజే అని కనపడ్డ ప్రతి పేరూ రాసుకోండి, భర్త పోయాక పట్టా ఆమె పేరుకు మారి ఉండొచ్చు. ఆడపిల్లకు పసుపుకుంకుమల కింద ఇచ్చిన భూమికి దస్తావేజు రాసి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతకండి. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి ఆఫీసుకు వెళ్లి అడగాల్సిందే.

సొంత భూమి లేని కుటుంబాలు కూడా కాగితాల్లో ఉన్నాయి. 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల (భూమి నుంచి తీసేయకుండా ఆ చట్టం కాపాడిన కౌలు రైతుల) రిజిస్టరు అడగండి. నీరడి (చెరువు నీళ్లు వదిలేవాడు), సేత్‌సింధి (ఊరి కావలి మనిషి) లాంటి ఊరి పనులు చేసినవాళ్లకు ఆ పనికి బదులుగా ఇచ్చిన ఇనాం భూములు ఉండేవి, ఆ జాబితాలూ చూడండి. దొరల పేర్ల కన్నా ఈ పేర్లు వెతికి పట్టడమే ముఖ్యమైన పని అని నా అభిప్రాయం.

నకలు కోసం తహసీల్దార్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టేముందు ఊరు పాత రోజుల్లో ఏ తాలూకాలో ఉందో తెలుసుకోండి. 1978లో హైదరాబాద్ నుంచి రంగారెడ్డి జిల్లా విడిపోయింది, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2016లో జిల్లాలు మళ్లీ మారాయి. కాబట్టి పాత రికార్డు ఇప్పటి మండలంలో కాకుండా ఇంకోచోట ఉండొచ్చు. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో చెప్పాలి.

ఈ వారం అభ్యాసం: ఒక్క సర్వే నంబరు తీసుకుని, ఏడాది, పట్టాదారు, తండ్రి, మార్పుకు కారణం అని నాలుగు గడులు గీసి నింపండి. ఖాళీలున్నా పర్వాలేదు, ఆ కాగితంతోనే వచ్చే పాఠంలో హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారానికి (పాత ప్రభుత్వ రికార్డులు భద్రపరిచే చోటికి) వెళ్దాం.