పైథాన్ స్క్రిప్ట్ నుంచి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ని విండో కనపడకుండా నడపడం ఎలా?

విండోస్‌లో టికింటర్‌తో (బటన్లు, విండోలు తయారుచేసే పైథాన్ లైబ్రరీ) చిన్న యాప్ రాసుకుని పైథాన్‌డబ్ల్యూతో (కన్సోల్ విండో లేకుండా పైథాన్‌ని నడిపేది) నడుపుతున్నారనుకోండి, అందులోంచి, వీడియోల ఫార్మాట్ మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రోగ్రామ్‌ని పిలిచిన ప్రతిసారీ నల్ల విండో ఒకటి పైకొచ్చి చేస్తున్న పనికి అడ్డం పడుతుంది. యాభై వీడియోలు మారుస్తుంటే యాభైసార్లు! దాన్ని దాచడం ఒక్క లైను పనే, దాచాక లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికే కాస్త ముందుజాగ్రత్త కావాలి.

వేరే ప్రోగ్రామ్‌లని నడపడానికి పైథాన్‌లో ఉన్న సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌లో రన్ కాకుండా పీఓపెన్ వాడండి. రన్ అయితే పని పూర్తయ్యేదాకా మీ స్క్రిప్ట్‌ని కదలనివ్వదు. పీఓపెన్‌కి క్రియేషన్‌ఫ్లాగ్స్ అనే ఆర్గ్యుమెంట్‌లో, అదే మాడ్యూల్‌లో ఉన్న క్రియేట్_నో_విండో ఇవ్వండి, అన్నీ క్యాపిటల్ లెటర్సే. ఇది పైథాన్ 3.7 నుంచి ఉంది, విండోస్‌లో మాత్రమే. లినక్స్‌లో కూడా నడవాల్సిన స్క్రిప్ట్ అయితే ముందు ఏ ఓఎస్సో చెక్ చేసుకోండి. కమాండ్‌ని లిస్ట్‌గా ఇస్తే ఫోల్డర్ పేరులో స్పేస్ ఉన్నా కోట్స్ గొడవ ఉండదు.

ఇక అసలు చిక్కు. అవుట్‌పుట్ ఫైల్ ఆ పేరుతో ముందే ఉంటే, దాని మీద రాసెయ్యనా అని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అడిగి జవాబు కోసం ఆగుతుంది. విండో లేదు కాబట్టి ఆ ప్రశ్న ఎవరికీ కనపడదు, అది అలా గంటలకొద్దీ ఎదురుచూస్తూ ఉండిపోవచ్చు, మీరేమో వీడియో పెద్దది కదా టైమ్ పడుతుందిలే అనుకుంటారు. అందుకే కమాండ్‌లో, రాసెయ్యమంటే మైనస్ వై (-y), వద్దంటే మైనస్ ఎన్ (-n) తప్పకుండా పెట్టండి. ఎస్‌టీడీఇన్‌కి, అంటే ప్రోగ్రామ్ మన జవాబులు చదివే దారికి, డెవ్‌నల్ (ఖాళీ ఇన్‌పుట్) కూడా ఇవ్వండి.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ తన మెసేజ్‌లన్నీ ఎస్‌టీడీఎర్‌లోకి (ఎర్రర్లు, మెసేజ్‌లు వెళ్లే దారి) పంపుతుంది, కాబట్టి ఎస్‌టీడీఅవుట్‌ని (మామూలు అవుట్‌పుట్ వెళ్లే దారి) మాత్రమే పట్టుకుంటే లాగ్ ఖాళీగా ఉంటుంది. ఎస్‌టీడీఎర్‌కి పైప్ (మన స్క్రిప్ట్ చదువుకునే గొట్టం లాంటిది) పెట్టి చదవకుండా వదిలేస్తే బఫర్ నిండిపోయి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ మధ్యలోనే ఆగిపోతుంది. నా మాట విని, ఒక లాగ్ ఫైల్ తెరిచి నేరుగా అందులోకి మళ్లించండి, ఏదైనా తేడా కొడితే చివరి నాలుగు లైన్లు చదివితే చాలు, సంగతి తెలిసిపోతుంది.

క్రియేట్_నో_విండో అనే ఈ ఫ్లాగ్ కన్సోల్ ప్రోగ్రామ్‌లకే (నల్ల విండోలో నడిచేవాటికే) పనిచేస్తుంది, నోట్‌ప్యాడ్ లాంటివాటిని దాచదు.

పీఓపెన్ తిరిగిచ్చే ఆబ్జెక్ట్‌ని ఒక వేరియబుల్‌లో దాచుకోండి. దాని మీద పోల్ పిలిస్తే ఇంకా నడుస్తుంటే నన్ (None) వస్తుంది, సవ్యంగా ముగిస్తే 0, మరే అంకె వచ్చినా లాగ్ తెరవాల్సిందే. మధ్యలో ఆపాలంటే టెర్మినేట్. ఈలోపు మీ యాప్ మూసేసినా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ నడుస్తూనే ఉంటుంది, అప్పుడు టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కి వెళ్లి ఆపాలి. ఒకేసారి నాలుగైదు నడుస్తుంటే ఏది ఏదో తెలియాలి కదా, మొదలుపెట్టినప్పుడే పీఐడీని (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి విండోస్ ఇచ్చే నంబర్) లాగ్ ఫైల్ పేరులో కాకుండా వేరే ఫైల్‌లో వీడియో పేరు పక్కన రాసిపెట్టుకోండి.