చిన్న మ్యూజిక్ ప్లేయర్: లోపం ప్లేయర్‌దా, పక్కవాటిదా?

జేబులో ఇమిడిపోయే మ్యూజిక్ ప్లేయర్ల సమీక్షలు చదువుతుంటే చాలాసార్లు కష్టంగా అనిపిస్తుంది. ‘శబ్దం బాగాలేదు’, ‘పాటలు కనిపించడం లేదు’, ‘ఛార్జింగ్ ఎక్కడం లేదు’ అని రాసి, ఒక్క స్టార్ ఇచ్చి వదిలేస్తారు. తీరా చూస్తే తప్పు కేబుల్‌దో, మెమరీ కార్డుదో, పాట ఫైలుదో అయి ఉంటుంది. అలాగని ప్లేయర్లన్నీ నిర్దోషులని కాదు. కొన్ని లోపాలు తయారీలోనే ఉంటాయి, వాటిని సమీక్షలో గట్టిగా రాయాల్సిందే. అందుకే కింద ప్రతి సమస్యకూ కారణం, పరిష్కారంతో పాటు దాన్ని ప్లేయర్ ఖాతాలో వేయాలా వద్దా అన్నది కూడా చెబుతున్నాను.

ముందుగా కొన్ని వస్తువులు దగ్గర పెట్టుకోండి: వేరే పరికరంలో బాగా పనిచేస్తున్న మామూలు వైరు ఇయర్‌ఫోన్స్, డేటా వెళ్లే యూఎస్‌బీ కేబుల్, 32 జీబీకి మించని మెమరీ కార్డు, నాలుగైదు ఎంపీ3 పాటలు. ఏ సమస్య వచ్చినా ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. కేబులూ కార్డూ కలిపి మార్చేస్తే సమస్య పోవచ్చు గానీ కారణం మాత్రం తెలియదు.

ఆన్ కావడం లేదు, ఛార్జింగ్ గుర్తూ లేదు

చాలాకాలం సొరుగులో పడి ఉన్న ప్లేయర్ అయితే బ్యాటరీ పూర్తిగా అడుగంటి ఉంటుంది. లిథియం సెల్ నిండుగా ఉన్నప్పుడు సాధారణంగా 4.2 వోల్టులు చూపిస్తుంది. అది 3 వోల్టుల కన్నా బాగా కిందకు దిగిపోతే ఛార్జింగ్ సర్క్యూట్ మొదట చాలా తక్కువ కరెంటు పంపి, దాన్ని మెల్లగా పైకి తెస్తుంది. అంతసేపూ తెర వెలగకపోవచ్చు. ఛార్జింగ్‌లో పెట్టి ఓ గంట కదపకుండా ఉంచండి. ఆ తర్వాత పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలా మోడళ్లు రీసెట్ అవుతాయి. కొన్నిటికి ఇందుకోసమే సూది పట్టేంత రంధ్రం ఉంటుంది. తెర వెలిగి, బటన్లు మాత్రం పనిచేయకపోతే పక్కనున్న హోల్డ్ స్విచ్ (బటన్లకు తాళం వేసేది) వెనక్కి జరపండి.

టైప్-సి ప్లేయర్లలో ఇంకో చిక్కు ఉంది. రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో పెడితే ఛార్జ్ కాదు, ఒక వైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో పెడితే అవుతుంది. కారణం కేబుల్ కాదు. టైప్-సి ఛార్జర్ అవతల పరికరం ఉందని నిర్ధారించుకున్నాకే కరెంటు వదులుతుంది. ఆ ఉనికి తెలపడానికి ప్లేయర్ లోపల 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉండాలి. తయారీదారు వాటిని పెట్టకుండా మిగుల్చుకుంటే ఈ ఇబ్బంది వస్తుంది. పాత రకం కేబుల్‌తో పని నడుస్తుంది గానీ, ఇది ముమ్మాటికీ ప్లేయర్ లోపమే. సమీక్షలో రాయండి.

కంప్యూటర్‌కు కలిపితే ఛార్జ్ మాత్రమే అవుతోంది

చాలాసార్లు ఇది కేబుల్ సంగతే. డేటా తీగలు లేకుండా కరెంటు తీగలు మాత్రమే ఉన్న కేబుళ్లు చాలా తిరుగుతుంటాయి. పైకి చూస్తే తేడా కనిపించదు. అదే కేబుల్‌తో వేరే పరికరం నుంచి ఒక ఫైలు కాపీ చేసి చూస్తే తెలిసిపోతుంది. కేబుల్ మంచిదే అయితే ప్లేయర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ మోడ్ చూడండి. దాన్ని ఎంఎస్‌సీకి, అంటే మామూలు పెన్‌డ్రైవ్ లాగా కనిపించే పద్ధతికి మారిస్తే ఎక్కువ కంప్యూటర్లు గుర్తిస్తాయి.

కార్డు పెట్టినా పాటలు లేవంటోంది

మెమరీ కార్డుల ఎస్‌డీ ప్రమాణం ప్రకారం 2 జీబీ దాటి 32 జీబీ వరకు ఉన్న కార్డులు ఫైళ్లను అమర్చే ఫ్యాట్32 పద్ధతిలో, అంతకు మించినవి ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి. చిన్న ప్లేయర్లలో చాలావాటికి ఫ్యాట్32 ఒక్కటే తెలుసు. 64 జీబీ కార్డు పెడితే అవి ఖాళీ చూపిస్తాయి, లేదా కార్డు చెడిందంటాయి. పాటలు కంప్యూటర్లోకి కాపీ చేసుకుని, కార్డును ఫ్యాట్32గా ఫార్మాట్ చేస్తే తరచూ చక్కబడుతుంది. విండోస్‌లోని మామూలు ఫార్మాట్ పద్ధతి 32 జీబీ దాటిన కార్డుకు చాలాకాలం ఈ వీలు ఇవ్వలేదు కాబట్టి వేరే ఫార్మాట్ ప్రోగ్రాం వాడాల్సి రావచ్చు. పెట్టె మీద ‘128 జీబీ వరకు’ అని రాసి, ఎక్స్‌ఫ్యాట్ చదవలేకపోతే మాత్రం అది తయారీదారు తప్పు.

మొదట ఎక్కించిన పాటలు బాగుండి, చివర్లో ఎక్కించినవి తెగిపోతున్నా, వాటిలో గరగరలు వస్తున్నా నకిలీ కార్డేమో చూడండి. లోపల 8 జీబీ ఉంటే 64 జీబీ అని కంప్యూటర్‌కు అబద్ధం చెప్పే కార్డులు ఉన్నాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం కార్డు నిండా రాసి, తిరిగి చదివి, అసలు సామర్థ్యం బయటపెడుతుంది. కొత్త కార్డు కొనగానే ఈ పరీక్ష చేయమని నేను అందరికీ చెబుతుంటాను.

‘లైబ్రరీ సిద్ధమవుతోంది’ అన్న దగ్గరే ప్లేయర్ ప్రతిసారీ ఆగిపోతుంటే ఏదో ఒక పాడైన ఫైలు దాని దారికి అడ్డుపడుతోంది. ఫైళ్లలో సగం తీసేసి చూడండి. నడిస్తే లోపం తీసేసిన సగంలో ఉన్నట్టు, లేకపోతే మిగిలిన సగంలో. ఇలా సగం చేసుకుంటూ పోతే వెయ్యి పాటల్లో దోషిని పది విడతల్లో పట్టుకోవచ్చు.

వరుస తప్పింది, ఆల్బమ్ ముక్కలైంది, పాటలు రెండేసి కనిపిస్తున్నాయి

మూడింటికీ కారణాలు వేరు. ఫోల్డర్ తెరిచినప్పుడు పాటలు పేరు వరుసలో కాక తోచినట్టు వస్తే ఆ ప్లేయర్ పేర్లను సరిచూడటం లేదు, కార్డులో ఏది ముందు రాశారో ఆ వరుసే చదువుతోంది. ఫోల్డర్ చెరిపేసి, పాటలు ఒక్కొక్కటిగా కావలసిన క్రమంలో మళ్లీ కాపీ చేయండి. 10వ పాట 2 కన్నా ముందు వస్తుంటే పేర్ల మొదట 01, 02 అని సున్నా చేర్చాలి.

సినిమా పాటల ఆల్బమ్ ముక్కలు కావడానికి గాయకులు వేరువేరుగా ఉండటమే కారణం. ప్లేయర్ ఒక్కో గాయకుడి పేరుతో ఒక్కో ఆల్బమ్ అనుకుంటుంది. ట్యాగ్ ఎడిటర్‌లో (పాట ఫైలు లోపల ఉండే పేరు, గాయకుడు వంటి వివరాలను, అంటే ట్యాగులను, మార్చే ప్రోగ్రాం) ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ అన్న గడిలో అన్ని పాటలకూ ఒకే పేరు, సంగీత దర్శకుడి పేరు పెట్టినా సరే, నింపితే ఒక చోటికి చేరతాయి. ఆ గడిని పట్టించుకోని ప్లేయర్లూ ఉన్నాయి, అప్పుడు ఫోల్డర్ల ద్వారా వినడమే దారి.

ప్రతి పాటా రెండుసార్లు కనిపించి, రెండోది నొక్కితే మోగకపోతే ఆ పాటలు మ్యాక్ కంప్యూటర్ నుంచి వచ్చినవి. చుక్క, దాని పక్కన అడుగు గీతతో మొదలయ్యే దాగుడు ఫైళ్లను అది వెంట పంపుతుంది. వాటిని తీసేస్తే సరి.

తెలుగు పేర్లు చెదిరిపోతున్నాయి

ఇక్కడ లక్షణాన్ని దగ్గరగా చూస్తే కారణం దానంతటదే తెలుస్తుంది, కాబట్టి తెర మీద ఏం కనిపిస్తోందో జాగ్రత్తగా గమనించండి.

వరుసగా ఖాళీ డబ్బాలు వస్తే ప్లేయర్‌లో తెలుగు ఫాంట్ లేదు. ట్యాగ్ సరిగ్గానే ఉంది. అక్షరాలు తెలుగువే అయినా వత్తులు కిందకు చేరకుండా పక్కపక్కన పడి, ‘స్త్రీ’ అన్న మాట ముక్కలుగా కనిపిస్తే ఫాంట్ ఉంది గానీ అక్షరాలను కలిపి కూర్చే ప్రోగ్రాం లేదు. ఈ రెంటికీ మన చేతిలో ఉన్న మందు తక్కువ: ఫర్మ్‌వేర్ (ప్లేయర్‌ను నడిపే లోపలి ప్రోగ్రాం) కొత్తది వస్తే వేయడం, లేదా పేర్లు లాటిన్ లిపిలో రాసుకోవడం. ఇన్ని భాషల వాళ్లు పాటలు వినే కాలంలో ఇది చిన్న లోపం కాదు, సమీక్షలో తప్పకుండా ప్రస్తావించాలి.

ప్రశ్నార్థకాలు వస్తే కథ వేరు. పేరును భద్రం చేసిన ప్రోగ్రామే తెలుగును పోగొట్టింది. మళ్లీ టైపు చేసుకోవాలి.

నాలుగో రకం చూడటానికి గందరగోళమే కానీ ఇందులో పోయిందేమీ లేదు. ప్రతి తెలుగు అక్షరానికీ బదులు మూడేసి వింత గుర్తులు వస్తాయి: మొదటిది ఎప్పుడూ తల మీద ఏటవాలు గీత ఉన్న లాటిన్ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో ఉంటుంది. అక్షరాలను కంప్యూటర్‌లో భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు తీసుకుంటాయి. ప్లేయర్ ఆ మూడింటినీ విడివిడి లాటిన్ అక్షరాలుగా చదువుతోంది. ఎంపీ3 ట్యాగుల ప్రమాణమైన ఐడీ3లో 2.4 కూర్పు నుంచే యూటీఎఫ్-8కు చోటుంది. పాత ప్లేయర్లకు 2.3 కూర్పే అలవాటు. ట్యాగ్ ఎడిటర్ సెట్టింగుల్లో ఐడీ3 2.3, యూటీఎఫ్-16 ఎంచుకుని, పాటలన్నిటినీ ఒకేసారి మళ్లీ సేవ్ చేస్తే పేర్లు నిలుస్తాయి.

పేర్లు పది అక్షరాల దగ్గర ఠక్కున తెగుతుంటే అది ఇంకా పాతదైన మొదటి కూర్పు ట్యాగ్. అందులో పేరుకు 30 బైట్లే చోటు. అదే ఎడిటర్‌లో దాన్ని తీసేసి 2.3 ఉంచండి.

సంగీతం వస్తోంది, గాయకుడి గొంతు మాత్రం లేదు

విన్నవారిని ఇంతగా కంగారు పెట్టే సమస్య ఇంకోటి లేదు. వాద్యాలు దూరంగా, బోలుగా వినిపిస్తాయి, పాడే గొంతు మాయం. ప్లేయర్ చెడిపోయిందని దాదాపు అందరూ తీర్మానించేస్తారు.

ఇయర్‌ఫోన్ పిన్ను చూడండి. నల్ల గీతలు దాన్ని భాగాలుగా విడదీస్తాయి. కొన ఎడమ చెవికి, తర్వాతి పట్టీ కుడి చెవికి, ఆ వెనకది రెంటికీ కలిసి ఉన్న గ్రౌండ్. గ్రౌండ్ తగలకపోతే కరెంటు ఒక చెవి నుంచి ఇంకో చెవిలోకి పోయి తిరిగి వస్తుంది. అప్పుడు వినిపించేది ఎడమ కుడి ధ్వనుల మధ్య తేడా ఒక్కటే. గాయకుడి గొంతును రికార్డింగులో రెండు వైపులా సమానంగా పెడతారు కాబట్టి తేడాలో అది సున్నా అవుతుంది.

ముందు పిన్నును గట్టిగా, టిక్కుమనే దాకా లోపలికి నొక్కండి. పోకపోతే ప్లేయర్ ఆపి, జాక్ లోపల వెలుతురు పడేలా పట్టుకుని చూడండి. జేబులోని నూలుపోగులు అడుగున గట్టిపడి, పిన్నును ఆపేస్తుంటాయి. చెక్క పుల్లతో మెల్లగా తీయండి, ఇనుప సూది వద్దు. ఇయర్‌ఫోన్స్‌కు మైకు ఉంటే దాని బటన్ నొక్కి పట్టుకోండి. నొక్కినంతసేపూ గొంతు తిరిగి వస్తే ప్లేయర్ గ్రౌండ్ పట్టీ బదులు మైకు పట్టీకి తగులుతోందన్నమాట. మైకు లేని మూడు పట్టీల ఇయర్‌ఫోన్స్ వాడితే చాలు. మామూలు ఇయర్‌ఫోన్స్ పూర్తిగా లోపలికి పోయినా, పిన్ను తాకితే ధ్వని మారుతూ ఉంటే జాక్ అతుకు విరిగింది. అది ప్లేయర్ రిపేరు.

పాట ఆగినా సన్నటి రొద

పాట ఆపి, వాల్యూమ్ పెంచి తగ్గించి చూడండి. రొద మారకపోతే అది ప్లేయర్‌లోని యాంప్లిఫయర్‌ది. చెవి లోపలికి దూరే సున్నితమైన ఇయర్‌ఫోన్స్ దాన్ని పట్టి వినిపిస్తాయి, పెద్ద హెడ్‌ఫోన్స్‌లో అదే ప్లేయర్ నిశ్శబ్దంగా ఉంటుంది. గెయిన్ సెట్టింగ్ (యాంప్లిఫయర్ శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పేది) ఉంటే తక్కువకు మార్చండి. సమీక్షలో ఏ ఇయర్‌ఫోన్స్‌తో విన్నారో రాయకుండా ‘రొద ఉంది’ అంటే చదివేవారికి ఉపయోగం ఉండదు. రొద పాటతోపాటే మొదలై పాటతోపాటే ఆగితే అది రికార్డింగులోనిది. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే వస్తే ఛార్జర్ మార్చండి.

శబ్దం చాలడం లేదు

సెట్టింగుల్లో వాల్యూమ్ పరిమితి ఉందేమో చూడండి. ఐరోపా ప్రమాణాల ప్రకారం ప్లేయర్ 85 డెసిబెల్స్ దాటే ముందు హెచ్చరించాలి, 100 దాటకూడదు. విద్యుత్ నిరోధం ఎక్కువగా, 250, 300 ఓమ్‌లు ఉన్న స్టూడియో హెడ్‌ఫోన్స్‌ను ఇంత చిన్న పరికరంతో మోగించాలనుకోవడం దానికి అన్యాయం, 16 నుంచి 32 ఓమ్‌ల వాటితో విని చెప్పండి. ఒక పాట చిన్నగా, ఇంకోటి పెద్దగా ఉంటే పాటల శబ్దాన్ని ఒకే స్థాయికి తెచ్చే రీప్లేగెయిన్ వాడండి. ఆపైన చెవులు మీవి: పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్ వరకే క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం.

పాటకూ పాటకూ మధ్య చిన్న ఖాళీ

ఎంపీ3 ఫైలు 1152 శాంపిళ్ల ముక్కలుగా ఉంటుంది, అంటే సీడీ వేగంలో ఒక్కో ముక్క సుమారు 26 మిల్లీసెకన్లు. పాట సరిగ్గా ముక్క అంచున ముగియదు కాబట్టి మిగిలిన చోట నిశ్శబ్దం నింపుతారు. కచేరీ రికార్డింగుల్లో అది గుచ్చుకుంటుంది. అలాంటివి ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించే ఫైలు రకం) రూపంలో పెట్టుకోండి. అప్పటికీ ఖాళీ వస్తే ప్లేయర్ తర్వాతి పాటను ముందుగా సిద్ధం చేసుకోవడం లేదు.

బ్లూటూత్ తెగిపోతోంది

బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మన ఒంట్లోని నీరు పీల్చుకుంటుంది. చిన్న ప్లేయర్‌లో యాంటెన్నా కూడా చిన్నదే, పైగా చాలావాటికి లోహపు కవచం. ప్రధాన ఇయర్‌బడ్ (ప్లేయర్ నుంచి నేరుగా పాట అందుకునేది) ఏ వైపు ఉంటే ఆ వైపు జేబులో ప్లేయర్ పెట్టుకుంటే చాలామందికి తీరిపోతుంది. ఎదురుగా బల్ల మీద పెట్టినా తెగితే ప్లేయర్‌దే లోపం.

బ్యాటరీ చెప్పినన్ని గంటలు రావడం లేదు

పెట్టె మీది లెక్క సాధారణంగా తెర ఆపి, మధ్యస్థ వాల్యూమ్‌లో, వైరు ఇయర్‌ఫోన్స్‌తో, మామూలు ఎంపీ3 పాటలతో వేసింది. 24 బిట్ల పెద్ద ఫైళ్లు, బ్లూటూత్, వెలుగుతున్న తెర ఒక్కొక్కటీ దాన్ని తగ్గిస్తాయి. అదే పద్ధతిలో పరీక్షించి, ఎక్కువ తేడా వస్తేనే ఫిర్యాదు చేయడం న్యాయం. వాడకుండా దాచేటప్పుడు సగం ఛార్జ్‌తో దాచండి.

తెర అంచు పైకి లేచినా, వెనక మూత ఉబ్బినా, బల్ల మీద పెడితే ప్లేయర్ అటూ ఇటూ ఊగినా లోపలి సెల్ ఉబ్బింది. అప్పుడు ఛార్జింగ్ పెట్టకండి, నొక్కి సరిచేయకండి, మీరే తెరవకండి. ఆపేసి, కాలే వస్తువులకు దూరంగా ఉంచి, పాత బ్యాటరీలు తీసుకునే చోట అప్పగించండి.